వీధి దీపాలు ఎందుకు ఆరిపోతున్నాయి?

జూరాల వద్ద కృష్ణమ్మ నీరు ఆరు యంత్రాలను తిప్పుతున్నది. ఒక్కొక్కటి 39 మెగావాట్లు. దాని దిగువన మరో ఆరు, ఒక్కొక్కటి 40 మెగావాట్లు. నల్లమల అంచున శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రాన్ని 150 మెగావాట్ల యంత్రాలు ఆరింటితో నిర్మించారు. ఇంత కరెంటు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల వాకిట్లోనే పుడుతున్నది. అయినా వూరి చివరి స్తంభం మీది దీపం మినుకుమినుకుమని ఆరిపోయినప్పుడు ఆ వీధి వారికి ఈ మెగావాట్ల లెక్కలతో ఒరిగేదేమీ లేదు. వారికి కావలసింది ఆ ఒక్క దీపం.

దీపం లేని వీధి ఎవరికి బరువో వూళ్లో అందరికీ తెలుసు. తెల్లవారకముందే సీడు పత్తి చేలకు బయలుదేరే కూలీలకు బరువు. చివరి బస్సు దిగి ఒంటరిగా ఇంటికి నడిచే ఆడపిల్లకు బరువు. వానాకాలంలో చెత్తకుప్ప పక్కన పామో, తేలో వున్నదేమోనని అడుగు తీసి అడుగు వేసే ముసలివారికి బరువు. పెద్ద బజారులో దీపం పోతే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు అడుగుతారు. వూరి చివర వాడలోనో, తండాలోనో పోతే నెలలు గడిచినా అడిగే నాథుడు వుండడు. కనుక వీధి దీపం చిన్న విషయం కాదు.

ఒకప్పుడు స్తంభానికి ఒక గుండు బల్బు వుండేది. తర్వాత ట్యూబులైటు వచ్చింది, సెంటర్లలో పసుపు కాంతి సోడియం దీపాలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎల్.ఇ.డి. దీపాలే. నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించిన ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి కాంతి దొరకబట్టే తెల్లని ఎల్.ఇ.డి. వెలుగు సాధ్యమైనది. అదే సంవత్సరం అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తర్వాత ఆ నగరంలో వీధి దీపాలన్నిటినీ ఎల్.ఇ.డి.లుగా మార్చడం దేశమంతటా చర్చకు వచ్చింది. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం వీధి దీపాల జాతీయ పథకాన్ని ప్రారంభించింది. అక్కడినుంచి ఈ దీపాలు పల్లెపల్లెకూ చేరాయి.

వీటివల్ల ఆదా లేదని ఎవరూ అనలేరు. చోకుతో కలిపి ట్యూబులైటు సుమారు 50 వాట్లు తింటే, అంత వెలుగును 20 వాట్ల ఎల్.ఇ.డి. ఇవ్వగలదు. నూరు స్తంభాలున్న వూళ్లో రాత్రికి 12 గంటల చొప్పున చూస్తే, ఒక్క రాత్రికి 36 యూనిట్ల పొదుపు. పంచాయతీకి కరెంటు బిల్లు పెద్ద భారమైన రోజుల్లో ఇది తక్కువేమీ కాదు.

అయితే అమ్మేవారు చెప్పిన రెండో మాట సంగతేమిటి? దీపం 50,000 గంటలు వెలుగుతుందన్నారు. రాత్రికి 12 గంటల లెక్కన ఏడాదికి 4,380 గంటలు. అంటే పదకొండేళ్లు నడవాలి. కాని ఏడాది తిరగకముందే దీపం సగం మసకబారడం, రెండో ఏట మినుకుమనడం, ఆ తర్వాత ఆరిపోవడం పల్లెల్లో వింత కాదు. అప్పుడు కొందరు లైన్‌మన్‌ను తిడతారు, కొందరు సర్పంచును అనుమానిస్తారు, ఇంకొందరు కోతుల మీదికి నెడతారు. అసలు దోషం చాలాసార్లు దీపం కడుపులోనే వున్నది. అది పంపకంలో దోషం.

వీధి దీపం విప్పి చూస్తే జొన్నగింజలంత తెల్లని, పసుపు ముక్కలు పదుల సంఖ్యలో కనిపిస్తాయి. ఒక్కొక్క గింజా ఒక ఎల్.ఇ.డి. ఒక్కొక్కదానికి సుమారు 3 వోల్టులు చాలు. వాటిని దండలో పూసల్లాగా గుచ్చి వరుసలు చేస్తారు. అలాంటి నాలుగైదు వరుసలను పక్కపక్కనే కలిపి ఒకే డ్రైవరుకు తగిలిస్తారు. డ్రైవరు అంటే స్తంభం మీది 230 వోల్టుల కరెంటును ఈ గింజలకు సరిపడేటట్లు మార్చి, కొలిచి యిచ్చే చిన్న పెట్టె.

ఒకే దండలోని పూసలన్నిటిగుండా ఒకే కరెంటు పోతుంది. అక్కడ తగాదా లేదు. తగాదా అంతా వరుసకూ వరుసకూ మధ్యనే. డ్రైవరు యిచ్చే కరెంటును వరుసలు సమంగా పంచుకుంటాయా?

పాత గుండు బల్బులో ఒక మంచి గుణం వుండేది. దాని తీగ వేడెక్కేకొద్దీ కరెంటును అడ్డుకునే శక్తి పెరిగేది. అంటే అది తనను తానే అదుపులో పెట్టుకునేది. ఎల్.ఇ.డి. గుణం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది వేడెక్కేకొద్దీ తక్కువ వోల్టేజికే కరెంటును పోనిస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టుల తేడా వస్తుంది. 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన గింజలో ఈ తేడా 80 మిల్లీవోల్టులు. చూడటానికి చాలా స్వల్పం. కాని వోల్టులో పదోవంతు తేడాకే కరెంటు సగానికి సగం పెరిగిపోయే గింజలు వున్నాయి. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే కరెంటు మరింత పెరుగుతుంది. అదుపు చేసేవాడు లేకపోతే ఈ వరస గింజ మాడిపోయేదాకా ఆగదు.

పైగా గింజలన్నీ ఒక్కతీరుగా తయారుకావు. ఒకే కార్ఖానాలో, ఒకే రోజు చేసినవాటిలో కూడా ఒకటి 2.9 వోల్టులకు పనిచేస్తే ఇంకొకటి 3.1 అడుగుతుంది. మంచి కంపెనీలు వాటిని కొలిచి, ఒక్కతీరువి ఒకచోట చేర్చి అమ్ముతాయి. అలా ఏరినవాటికి ధర ఎక్కువ. ఏరకుండా కలగాపులగంగా వచ్చిన గింజలు చవక. చవక దీపంలో ఏవి వుంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఈ సంగతి అలంపూరు ప్రాంత రైతుకు చెప్పవలసిన అవసరమే లేదు. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే కాలువ కింద 87,500 ఎకరాలు తడవాలని కాగితం మీద రాసి వున్నది. తూము దగ్గర కొలత లేకపోతే కాగితం మీది ఎకరాలు కాగితం మీదనే వుంటాయి. నీరు పల్లం చూసుకుంటుందే గాని న్యాయం చూసుకోదు. కరెంటూ అంతే. ఏ వరుసలో అడ్డు తక్కువగా వున్నదో ఆ వరుసకే ఎక్కువగా పరుగెడుతుంది. తేడా ఒక్కటే. కాలువలో నీరందని చివరి పొలం ఎండుతుంది, దీపంలో వాటాకు మించి తాగిన వరుసే ముందు మాడుతుంది.

ఉదాహరణకు ఒక దీపంలో నాలుగు వరుసలు, వరుసకు 12 గింజలు వున్నాయనుకుందాం. వరుసకు 36 వోల్టులు. డ్రైవరు మొత్తం 1,200 మిల్లీఆంపియర్ల కరెంటు యిస్తుంది. సమంగా పంచుకుంటే వరుసకు 300. దీపం సుమారు 43 వాట్లు. అంతా సవ్యంగా వున్నది. కాని పంపకం చూసే ఏర్పాటు లేకపోతే ఒక వరుస 400 తీసుకుంటుంది, ఇంకొకటి 220తో సరిపెట్టుకుంటుంది. మొత్తం చూస్తే అదే 1,200. మీటరు పెట్టి కొలిచినా వాట్లు సరిపోతాయి. దుకాణంలో తప్పు కనబడదు. తప్పు ఆరు నెలల తర్వాత స్తంభం మీద కనబడుతుంది.

ఎక్కువ తాగిన వరుసలో ఒక గింజ తెగిపోయిందనుకుందాం. ఆ వరుస మొత్తం ఆరిపోతుంది. కాని డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. అది యిచ్చే 1,200 యిస్తూనే వుంటుంది. మిగిలిన మూడు వరుసలు తలా 400 మోయాలి. మరొకటి పోతే రెండు వరుసలు తలా 600, అంటే రెట్టింపు బరువు. కాడి కింద ఒక ఎద్దు కూలబడితే రెండోదాని మెడ మీద పడే బరువు రైతుకు తెలియనిదా? ఆ ఎద్దు ఎంతదూరం లాగగలదు? అందుకే మొదటి వరుస పోవడానికి ఏడాది పడితే, రెండోది నెలల్లో, మూడోది రోజుల్లో పోవచ్చు. చూసేవారికి దీపం ఉన్నట్టుండి పోయినట్టే వుంటుంది. నిజానికి అది ఒక్కొక్క వరుసగా చచ్చింది.

గింజ తెగకుండా లోపల కలిసిపోయినా చిక్కే. అప్పుడు ఆ వరుసకు 36కు బదులు 33 వోల్టులే చాలు. కనుక కరెంటంతా ఆ వరుసకే మళ్లి, మిగిలిన మూడూ మసకబారుతాయి. దీపంలో ఒక గీత మాత్రం కళ్లు చెదిరేటట్లు వెలుగుతూ పక్క గీతలు గుడ్డిగా వుంటే కారణం ఇదే.

దీనికి విరుగుడు లేదా అంటే వున్నది. కొత్తగా కనిపెట్టవలసిన పని కూడా లేదు. మొదటిది, అన్నిటికన్నా చవకైనది, ప్రతి వరుసకూ ఒక చిన్న రెసిస్టరును జోడించడం. అది తూము దగ్గరి రాతిపలక వంటిది. కరెంటు ఎక్కువగా దూకబోతే అడ్డుపడుతుంది. కొంత కరెంటు దానిలో వృథా అయినా వరుసల మధ్య తేడా తగ్గుతుంది. రెండవది, ప్రతి వరుసకూ కరెంటును విడిగా కొలిచి అదుపు చేసే ఏర్పాటు. దీనికి ఖర్చు ఎక్కువ. కాని ఒక వరుస పోయినా మిగిలినవాటి మీద బరువు పడదు. దీపం కొంత వెలుగు తగ్గి, బతికి వుంటుంది. మూడవది, గింజలన్నిటినీ ఒకే దండగా గుచ్చి, ఏ గింజ తెగినా కరెంటు దాన్ని దాటి పోయేటట్లు పక్కదారి వుంచడం. ఈ మూడింటిలో ఏది చేసినా దానితోపాటు ఒక్కతీరు గింజలు, వేడిని లాగివేసే దళసరి అల్యూమినియం వీపు తప్పనిసరి. వేడి అన్ని గింజలకూ సమంగా పోకపోతే కరెంటు సమంగా పోదు.

ఇక్కడి వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పగలంతా ఆ ఎండకు కాగిన దీపం రాత్రి తన వేడిని కూడా మోయాలి. డ్రైవరులోని కెపాసిటర్లకు ప్రతి 10 డిగ్రీల వేడికి ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. ఇక పగలు కూడా వెలుగుతూనే వుండే దీపం మాట చెప్పనే అక్కరలేదు. రోజుకు 24 గంటలు వెలిగితే ఏడాదికి 8,760 గంటలు. పదకొండేళ్ల ఆయుష్షు అయిదున్నరేళ్లు దాటదు. పైగా ఎండలో వెలగడంవల్ల అదీ దక్కదు. 2019 సెప్టెంబరు 6న మొదలైన 30 రోజుల ప్రణాళికలోనూ, తర్వాత పల్లె ప్రగతిలోనూ వీధి దీపాలకు మూడో తీగ లాగడం, స్విచ్చులు, మీటర్లు బిగించడం పనులుగా పెట్టుకున్నది ఇందుకే. ఇంకా మూడో తీగ లేని వీధి ఒక్కటి వున్నా అక్కడ పట్టపగలు దీపంతోపాటు పంచాయతీ సొమ్ము కాలిపోతున్నట్టే.

దీపం లోపల పంపకం ఎంత ముఖ్యమో బయట లైను మీద కూడా అంతే ముఖ్యం. వూరి ట్రాన్స్‌ఫార్మరుకు మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వుంటాయి. ఇండ్లు, దీపాలు ఎక్కువగా ఒకే ఫేజు మీద పడితే ఆ ఫేజులో వోల్టేజి కుంగుతుంది. న్యూట్రల్ తీగ వదులై తెగిందంటే బరువు తక్కువగా వున్న ఫేజు మీదికి 230కి బదులు అంతకన్నా చాలా ఎక్కువ వోల్టేజి ఎగబాకుతుంది. ఫేజుకూ ఫేజుకూ మధ్య వుండేది 400 వోల్టుల పైమాటే. ఒక్క దెబ్బకు ఇళ్లలో టీవీలు, వీధిలో దీపాలు కలిసి పోవడం ఇలాంటప్పుడే. పిడుగులు పడే కాలంలో ఈ దెబ్బ మరోరకంగా తగులుతుంది. అందుచేత ఫేజుల మధ్య బరువు సరిచూడటం, న్యూట్రల్, ఎర్తు బిగువుగా వుంచడం విద్యుత్ సిబ్బంది బాధ్యత. దీపంలో సర్జు రక్షణ వున్నదో లేదో చూసి కొనడం పంచాయతీ బాధ్యత. ఒకరి మీద ఒకరు నెట్టుకుంటే చీకట్లో నిలబడేది వూరు.

ఇళ్లలో దీపాలకు కూడా ఈ నీతి వర్తిస్తుంది. గద్వాల, రాజోలి, అయిజలలో మగ్గం ముందు కూర్చునే నేతన్నకు నూలు నేతకు పట్టు అంచు పోగును కలిపేటప్పుడు నిలకడైన వెలుగు కావాలి. మినుకుమినుకుమనే చవక బల్బు పోగునూ చెడగొడుతుంది, కంటినీ చెడగొడుతుంది. నల్లమలలో కరెంటు తీగ పోలేని చోట సోలార్ దీపమే దిక్కు. 12 వోల్టుల బ్యాటరీకి మూడు గింజల వరుసలను రెసిస్టర్లు లేకుండా నేరుగా కలిపేస్తే బ్యాటరీ నిండుగా వున్న రోజునే దీపం మాడిపోతుంది. అక్కడ దీపం పోతే బాగుచేసేవాడు మైళ్ల దూరం నుంచి రావాలి. కాబట్టి అందరికన్నా గట్టి దీపం చేరవలసింది అందరికన్నా దూరపు పెంటకే.

మంచి దీపాలకు ధర ఎక్కువ, చిన్న పంచాయతీలు ఎక్కడ తెస్తాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా వున్న తండాలు కూడా పంచాయతీలైనాయి. వాటి ఆదాయం అంతంతమాత్రం. అందుకే అవి మరింత జాగ్రత్తగా కొనాలి. రెండేళ్లకొకసారి పోయే దీపం పదేళ్లలో అయిదుసార్లు కొనాలి. కొన్న ప్రతిసారీ నిచ్చెన, మనిషి, కూలి. మంచి దీపం వెల దానికి రెట్టింపయినా ఒక్కసారి కొంటే చాలు. పేదవాడికి చవక సరుకే ఖరీదు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

చట్టం ప్రకారం వీధి దీపాలు పంచాయతీ బాధ్యత. ప్రతి పంచాయతీలో దీపాల కోసం ఒక స్థాయీ సంఘం వుండాలని కూడా అదే చట్టం చెబుతున్నది. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో గడిచిన పల్లెలకు 2025 డిసెంబరు ఎన్నికలతో మళ్లీ సర్పంచులు వచ్చారు. ఈ సంఘాలు కాగితాల మీద మిగలకుండా పనిచేయాలి. అందుకు పెద్ద చదువులు అక్కరలేదు, కొన్ని మంచి అలవాట్లు చాలు.

ప్రతి స్తంభానికి నంబరు వేసి, ఏ దీపం ఏ తేదీన పెట్టారో, ఏ తేదీన పోయిందో ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం వుంటే గ్యారంటీ గడువులో పోయిన దీపాన్ని అమ్మినవాడి చేత మార్పించుకోవచ్చు. అది లేకపోతే గ్యారంటీ కాగితం చెదలకే పనికివస్తుంది. కొనుగోలు షరతుల్లో వాట్లు, ధర మాత్రమే రాసి వూరుకోకుండా, ప్రతి వరుసకూ కరెంటు అదుపు వుండాలని, వరుసల మధ్య తేడా నూటికి పది మించరాదని, సర్జు రక్షణ వుండాలని, గ్యారంటీ గింజలకే గాక డ్రైవరుకు కూడా వర్తించాలని రాయాలి. వీధి దీపానికి ఐ.ఎస్. 10322, ఎల్.ఇ.డి. దీపం పనితీరుకు ఐ.ఎస్. 16107, డ్రైవరు భద్రతకు ఐ.ఎస్. 15885 అనే భారత ప్రమాణాలు వున్నాయి. ఆ నంబర్లకు తగిన పరీక్ష పత్రాలు అడగడం పంచాయతీ హక్కు. ఇవ్వనివాడి సరుకు వద్దనడం కూడా హక్కే.

బిగించే ముందు నాలుగు దీపాలను పంచాయతీ ఆఫీసులో రెండు గంటలు వెలిగించి, వెల్డింగు చేసేవారి నల్ల అద్దం గుండా చూడవచ్చు. వరుసలన్నీ ఒక్కతీరుగా వెలుగుతున్నాయా, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా వున్నదా కంటికే తెలుస్తుంది. అయితే కరెంటు వుండగా దీపం మూత తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ పని లైన్‌మన్, ఎలక్ట్రీషియన్ చేయవలసిందే. మండలంలోని పంచాయతీలన్నీ కలిసి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, ఒకటి రెండు దీపాలను విప్పించి పరీక్ష చేయించడమూ తేలికవుతుంది. జిల్లా అధికారులు ఇందుకు పూనుకోవాలి. పల్లెల్లో ఐ.టి.ఐ. చదివిన యువకులకు కొరత లేదు. వారికి డ్రైవరు మార్చడం, వరుస సరిచూడటం నేర్పిస్తే పోయిన దీపాన్ని పారవేసే బదులు బాగుచేసుకోవచ్చు.

వ్యవసాయానికి రాత్రిళ్లు విడతలుగా కరెంటు వచ్చిన రోజుల్లో మోటారు వేయడానికి చీకట్లో పొలం గట్లమీద నడిచిన రైతులు ఈ మూడు జిల్లాల్లో ప్రతి వూళ్లోనూ వున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైన తర్వాత ఆ నడక తగ్గింది. కాని పొలం నుంచి వచ్చిన మనిషి వూళ్లో చీకట్లో తడుముకోవలసి వస్తే ఆ వెలితి తీరినట్టు కాదు. కరెంటుకు కొరత లేదు, దీపాలకు కొరత లేదు. కొరత అంతా సమంగా పంచే శ్రద్ధకే. దీపంలో ఒక వరుస మీద భారమంతా పడితే దీపమంతా ఆరిపోతుంది. వెలుగంతా పెద్ద బజారుకే దక్కి వాడకు చీకటి మిగిలితే వూరి సంగతీ అంతే. ఈసారి దీపాలు కొనే సమావేశంలో గ్రామస్థులు ఎన్ని వాట్లు, ఎంత ధర అని మాత్రమే అడిగి లేచిపోకూడదు. లోపల కరెంటు సమంగా పోతున్నదా, చివరి స్తంభం దాకా దీపం చేరుతున్నదా అని కూడా అడగాలి. జవాబు వచ్చేదాకా కూర్చోవాలి.